సిలిండర్ పెట్టె అడుగున ఉన్న కన్నం

ఈ రోజు పందొమ్మిదో తేదీ, గురువారం. పొద్దున ఇల్లు ఊడ్చాను, మా ఆయన బట్టలు రెండు బకెట్లు ఉతికి ఆరేశాను, స్టవ్ తుడిచాను, తాళం వేసి తొమ్మిదిన్నరకు పోలీస్ స్టేషన్‌కు వచ్చాను. పేరు, చిరునామా పైన రాసుకున్నారు. వయసు యాభై మూడు. ఇల్లు చూసుకుంటాను. రోజూ చేసిన పనులు నోటుబుక్కులో రాసే అలవాటు ఉంది. ఆ పుస్తకం కూడా తెచ్చి ఇచ్చాను.

మా ఆయన ఇరవై ఆరేళ్లు సరుకుల వ్యాను నడిపారు. రిటైరయ్యాక అదే వ్యాను కంపెనీ దగ్గర కొన్నారు. "ఇన్నాళ్లూ ఊళ్లన్నీ తిరిగాను గానీ ఒక్క ఊరూ చూడలేదు. ఈసారి సరుకు నువ్వే" అనేవారు. దాన్ని ఇల్లులా మార్చడానికి ఆరు వారాలు పట్టింది. నేలకు చెక్క, గోడలకు థర్మాకోల్, దాని మీద ప్లైవుడ్, మంచం, మంచం కింద అరలు, స్టవ్ గట్టు. గట్టు కింద గ్యాస్ సిలిండర్‌కు ఇనప పెట్టె. ఇనప పని అంతా వెల్డర్ చేశాడు. ఇప్పుడు మీ లాకప్‌లో ఉన్నది అతనే.

అతను పని చేసిన చోటల్లా బోల్టుల కన్నాలు మిగిలేవి. రెండుసార్లు పిలిచి మూయించాను. రెండోసారి నవ్వాడు. "పిన్నిగారూ, మీ చేతికిస్తే ఆకాశానికి కూడా మూత పెడతారు" అన్నాడు. మా ఆయన కూడా నవ్వారు. నాకు చిన్నతనం అనిపించింది.

ఎనిమిదో తేదీ, ఆదివారం మధ్యాహ్నం మూడింటికి సిలిండర్ పెట్టె తుడుస్తుంటే అడుగున ఇంకో కన్నం కనిపించింది. టీ గ్లాసు మూతి అంత ఉంది. కింద నేల కనిపిస్తోంది. బొద్దింకలు వస్తాయనుకున్నాను. మళ్లీ పిలిస్తే మళ్లీ నవ్వుతాడని పిలవలేదు. మిగిలిన ప్లైవుడ్ ముక్క కోసి, చుట్టూ సీలెంట్ పెట్టి, నేనే మూశాను. ఎవరికీ చెప్పలేదు. పుస్తకంలో ఆ తేదీ కింద నాలుగో వరుస చూడండి.

పదకొండో తేదీ సాయంత్రం వ్యానులోనే పాలు కాచి, ఊరి బయట గతుకుల రోడ్డు మీద తిప్పి తెచ్చాం. రెగ్యులేటర్ ఆపడం ఇద్దరమూ మరిచాం. కుదుపులకు రబ్బరు గొట్టం ఊడి ఉంటుంది. వ్యాను తలుపులు వేసి ఇంట్లో పడుకున్నాం. పొద్దున ఆరూ నలభైకి, "మొదటి టీ బండిలోనే, నువ్వు కప్పులు పట్టుకురా" అని ఆయన ముందు వెళ్లారు. ఆయనకు జలుబు. వాసన తెలియలేదు. నేను కప్పులు కడుగుతున్నాను. వ్యాను పేలిన శబ్దం వినిపించింది. కుళాయి కట్టేసి పరిగెత్తాను. కుళాయి ఎందుకు కట్టానో తెలియదు.

పదమూడో తేదీ పదిన్నరకు ఆసుపత్రిలో ఆయనకు మాట వచ్చింది. "పెట్టె అడుగున కన్నం పెట్టించానుగా. గొట్టం ఊడినా గ్యాస్ కిందికి పోవాలి. లోపలికెలా వచ్చింది? అది గానీ మూసుకుపోయిందా?" అని అడిగారు. ఆ కన్నం ఎందుకో నాకు అప్పుడే తెలిసింది.

"లేదండీ, తెరిచే ఉంది" అన్నాను.

"అయితే వాడే ఏదో తప్పు చేశాడు" అన్నారు.

పదకొండింటికి వాంగ్మూలం తీసుకోవడానికి మేజిస్ట్రేటుగారు వచ్చారు. మా ఆయన అదే మాట చెప్పారని తర్వాత తెలిసింది. మేజిస్ట్రేటుగారు వచ్చేసరికి నేను మంచం పక్కనే ఉన్నాను. నన్ను బయటికి వెళ్లమన్నారు, వెళ్లాను. పద్నాలుగో తేదీ సాయంత్రం నాలుగూ పదికి పోయారు. ఆ సాయంత్రమే వెల్డర్‌ను తెచ్చారు.

నిన్న మా మరిదికి చెప్పాను. "వదినా, పోయినవాడు ఎలాగూ పోయాడు. నువ్వు కూడా జైలుకెళ్తే మాకు మిగిలేదేంటి? ఆ వెల్డర్ మనకేమవుతాడు?" అన్నాడు. అన్నం పెట్టాను. అతను తినలేదు.

చనిపోయేవాళ్లు అబద్ధం చెప్పరు, మరి మీ ఆయన మాటను కాదంటున్నారా అని మీరు అడిగారు. ఆయన అబద్ధం చెప్పలేదు సార్. నేను చెప్పింది నమ్మారు. ముప్పై ఏళ్లుగా ఇంట్లో ఏది ఎలా ఉందో నన్నే అడిగేవారు. కళ్లజోడు ముందరే ఉన్నా నన్నే అడిగేవారు. నేను ఉందంటే ఉంది, లేదంటే లేదు. వెళ్లి చూసుకునేవారు కాదు.

వెల్డర్ పనిలో లోపం లేదు. కన్నం నేను మూశాను. ఆయనకు అబద్ధం నేను చెప్పాను.

ఇది ఎవరూ చెప్పమంటే చెప్పింది కాదు. మీరు చదివి వినిపించారు, విన్నాను. నేను చెప్పినట్టే ఉంది. ఈసారి చెప్పింది నిజం.

(సంతకం)