కిందే

కాకినాడ రేవుకి ఇవతల, వలలు ఆరేసిన వీధిలో పోతురాజు ఇంటి అరుగు. పురిటికి పుట్టింటికొచ్చిన మనవరాలు లోవలక్ష్మి ఒక చెక్కబొమ్మని గోనెసంచిలో కుక్కి ముడేస్తోంది. ముసలాయన సంచి మూతి పట్టుకుని వదలడం లేదు.

“ఆఫ్రికా రాజు రెండు చేతులా ఇచ్చిన బొమ్మే అది! ఈ రేవు మొత్తమ్మీద ఆ దేశం వెళ్లొచ్చిన మగాడు పోతురాజొక్కడే. దాన్ని గోనెలో కుక్కుతావా?”

“రాజు మొసలి మీద కూర్చుని ఇచ్చేడన్నావు చిన్నప్పుడు. పోయినసారి ఏనుగన్నావు. సంచి వదులు తాతా.”

“మొసలి ముసలిదైపోయిందే. అందుకే ఏనుక్కి మారేడు.”

“నవ్వించకు. నాన్న వేట నుంచి వచ్చేలోపు దీన్ని సముద్రంలో పడేస్తాను.”

“ఏం చేసిందే నిన్ను? జానెడు చెక్క.”

“పిల్లాడు దానికేసే చూస్తున్నాడు. పాలిస్తుంటే మధ్యలో ఆపేసి, తల తిప్పి దాన్ని చూస్తాడు. చూసి నవ్వుతాడు. నన్ను చూసి నవ్వడు.”

“పసివాడు గోడని చూసీ నవ్వుతాడు.”

“గోడకెవరూ స్నానం చేయించరు కదా! పొద్దున్నే లేచి చూస్తే ఇది తడిగా ఉంటోంది. పసుపు రాసుంటోంది. మామ్మ పోయి ఎన్నేళ్లయింది? ఎవరు పోస్తున్నారు దీనికి నీళ్లు?”

“నేనే.”

“నువ్వా?”

“నేనేలే. మీ మామ్మ అలవాటు, మానలేక. దానికే దడుచుకున్నావా? ఇంక సంచి ఇటివ్వు.”

“ఇవ్వను. ఫోటో తీసి ఫోన్లో వెతికేను, నీ కిందే గురించి.”

“ఏముందీ, దాని పేరే కిందే. కింద తప్ప ఇంకెక్కడా పెట్టకూడదు. మీ మామ్మ బల్ల మీద కూడా పెట్టనిచ్చేది కాదు, చాప మీదే.”

“కిందే కాదు తాతా. కెహిందే. నైజీరియాలో ఒక జాతివాళ్లు కవలల్లో వెనకొచ్చినోడికి పెట్టే పేరు. వాళ్లలో వెనకొచ్చినోడే పెద్దోడంట. లోకం ఎలా ఉందో చూసి రమ్మని చిన్నోణ్ణి ముందు పంపుతాడంట.”

“ఫోను అన్నీ చెప్పేస్తదేంటి?”

“ఇంకా చెప్పింది. కవలల్లో ఒకడు పోతే వాడికి బొమ్మ చెక్కిస్తారంట. తల్లి దానికి నీళ్లు పోస్తదంట, తిండి పెడతదంట. మరి నాకు కవలలు పుడతారని దీనికెలా తెలుసు? నా రెండోవాడు పోతాడని ముందే వచ్చి కూర్చుందా మనింట్లో? ఇదే తినేసిందా వాణ్ణి?”

“నోర్ముయ్! ...అలా అనకమ్మా. తప్పు.”

“అయితే చెప్పు. ఏనుగులూ మొసళ్లూ లేకుండా.”

“రాజు లేడు.”

“తెలుసు.”

“నేనే దేశమూ వెళ్లలేదు. బార్జీలో సరుకేసుకుని, లంగరేసిన ఓడ దాకా వెళ్లేవాణ్ణి. ఆ ఓడ నిచ్చెన సగం ఎక్కేసరికి కళ్లు తిరిగేయి, దిగిపోయేను. నేను చూసిన ఆఫ్రికా అంతే.”

“మరి బొమ్మ?”

“ఓడలో వడ్రంగం పని తెలిసినవాడొకడుండేవాడు, ఆ దేశపోడే. ఓరోజు నేను బార్జీలో కూర్చుని ఏడుస్తుంటే, ఏంటని చేత్తో అడిగేడు. వాడి మాట నాకు రాదు, నా మాట వాడికి రాదు. రెండు వేళ్లు చూపించేను. రెండోది మడిచేను.”

“రెండు వేళ్లా?”

“వాడికి అర్థమైపోయింది. మర్నాటి నుంచీ చెక్కముక్క పట్టుకుని నిచ్చెన దగ్గరే కూర్చున్నాడు. ఓడ కదిలే ముందు దీన్ని నా చేతిలో పెట్టి, తల్లి దీనికి నీళ్లు పోయాలని చేత్తో చూపించి, నా గుండె మీద తట్టి ఆ మాటన్నాడు. నాకు కిందే అని వినపడింది. పైన పెడితే పడిపోద్ది, జాగ్రత్తని చెప్తున్నాడనుకున్నా.”

“తాతా, ఎవరికోసం? ఎవరు పోయేరు?”

“మీ నాన్నతో పుట్టినోడు.”

“నాన్న... నాన్న కవలా?”

“మీ నాన్న చిట్టియ్య ముందొచ్చేడు, వాడు వెనకాలే వచ్చేడు. ఒక్క పూటున్నాడు. పేరైనా పెట్టలేదు.”

“నా వాడిక్కూడా పెట్టలేదు. మా అత్తగారు వాడి ఊసే ఎత్తొద్దన్నారు. బతికున్నోడికి ఎప్పటికీ చెప్పొద్దంట. ఒక్కడే పుట్టేడనుకోవాలంట.”

“మేమూ అలాగే అనుకున్నాం.”

“మరి దీని ముక్కు అరిగిపోయి ఉందేం? అక్కడి తల్లులు కడిగి కడిగి అరగదీసేరన్నావు.”

“అక్కడి తల్లులెవరే? కొత్త బొమ్మ. చేతికొచ్చినప్పుడు దాని ముక్కు నీ ముక్కంత సూటిగా ఉంది. అరగదీసింది మీ మామ్మే.”

“పోయింది పసివాడైతే, దీనికి పెద్దాడి మొహం ఎందుకు?”

“అదీ అడిగేను. వాడు చెయ్యి నేలకి ఆనించి, అలా పైకీ పైకీ లేపి తన తల దాకా తెచ్చేడు. పోయినోళ్లూ పెరుగుతారని కాబోలు. ...ఏంటే, సంచి మూతి విప్పుతున్నావు?”

“ఊపిరాడదేమోనని.”

“చెక్కకా?”

“ఉండు తాతా, ముడి బిగుసుకుపోయింది. హమ్మయ్య. ...రేపు నీళ్లు పోసేటప్పుడు నన్ను లేపు. నేనూ పోస్తాను.”

“అక్కడే వచ్చింది చిక్కు. ఒకటి కల్పించేనే అమ్మడూ.”

“ఏది? వేళ్లా?”

“వేళ్లు నిజం, ముక్కు నిజం. నీళ్లు నేను పోస్తున్నానన్నది ఉత్తదే. ఈ చేతుల వణుకు చూడు. చెంబెత్తితే నా కాళ్ల మీదే ఒలికిపోద్ది.”

“మరెవరు?”

“మీ నాన్న. వేటకెళ్లే ముందు. తలుపు సందులోంచి చూసేను. పసుపు రాసి, నీళ్లు పోసి, తన తువ్వాలుతో తుడిచి, చెవిలో ఓ మాట చెప్పి వెళ్తాడు.”

“నాన్నకి తెలుసన్నమాట!”

“అదేనే నా భయం. నేను చెప్పలేదు. మీ మామ్మ చెప్పకుండానే పోయింది. ఇంకెవరికీ తెలీదు. మరి ‘అన్నా, వెళ్లొస్తా’ అంటాడేంటే, రోజూ?”