హారన్ బావ డాప్లర్ స్కాన్

స్కానింగ్ సెంటర్ ఎదుట టీకొట్టు బల్ల మీద హారన్ బావ చతికిలబడ్డాడంటే ఇక లేపడం ఎవరి తరం? లారీ తోలి రిటైరైన మనిషి, గొంతు మాత్రం ఇంకా రిటైర్ కాలేదు. పక్కనే బావమరిది, డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని గడియారం చూసుకుంటున్నాడు. పదకొండింటికి బావకి డాప్లర్ స్కాన్. ప్రోస్టేట్ గ్రంథి వాచింది, అందులో రక్తం ఎలా పారుతోందో చూడాలి, ఆలస్యం చేస్తే మూత్రం పూర్తిగా ఆగిపోయి కిడ్నీలకే ముప్పు అన్నాడు డాక్టరు. బావేమో ఇప్పటికి రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి ఉడాయించాడు. "ఈసారీ వదిలేసి వచ్చావో, నువ్వు నా తమ్ముడివే కాదు" అని అక్క ఏడ్చి మరీ పంపింది.

బల్ల చివర ఒక తాపీమేస్త్రీ బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. అతనిదీ అదే స్కాను, అదే భయం. బావకి అంతకన్నా ఏం కావాలి?

"స్కానా? ఓస్, అదెంత! నేను చేయించుకున్నా. పది నిమిషాలు. కిక్కురుమంటే ఒట్టు!"

బావమరిది గతుక్కుమన్నాడు. ఎప్పుడు బావా అని నోటిదాకా వచ్చింది. కానీ అక్క మొగుడు, నలుగురిలో ఎలా అంటాడు? పైగా ఈ ఊపులోనే లోపలికి నడిచిపోతాడేమోనని చిన్న ఆశ.

"తెర మీద ఎరుపూ నీలమూ కనిపిస్తాయి, అదే మన రక్తం. అందరికీ దారప్పోగుల్లా ఉంటుంది. నాకేమో వరదొచ్చింది! చప్పుడు కూడా వినిపిస్తుందిలే. నాది వినేసరికి బయట ట్రాఫిక్ ఆగిపోయింది. రైలొస్తోందనుకుని గేటు వేసేశారు మరి!"

"ఇక్కడ రైలుగేటు ఎక్కడుంది?" అన్నాడు టీకొట్టాయన.

"అప్పటికప్పుడు పెట్టారయ్యా, అడ్డు రాకు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? రక్తానికి ఎంత అడ్డు తగులుతోందో ఒక అంకె చెప్తారు. ఎవరికైనా ఒకటి లోపే. నాకు నాలుగొందల పన్నెండు! డాక్టరు కళ్లజోడు తుడిచాడు, మిషన్ తుడిచాడు, నన్ను కూడా తుడిచాడు. అంకె తగ్గదే! వెంటనే ఆనకట్టలు కట్టే ఇంజనీర్లకి ఫోన్లు. వాళ్లు టోపీలు పెట్టుకుని వచ్చి, నా పొట్ట మీద టేపు పరిచి, 'ఇది గ్రంథి కాదు మహాప్రభో, తలుపులు బిగిస్తే మూడు ఊళ్లకి కరెంటు' అన్నారు. ఒక పూట బిగించారు కూడా. ఆ వెలుగుకి కోళ్లు రెండోసారి కూశాయి!"

"మరెందుకు తీసేశారు?" అన్నాడు టీకొట్టాయన.

"వైర్లు కాళ్లకి అడ్డం పడుతున్నాయని మీ వదిన ఒప్పుకోలేదు."

మేస్త్రీ దగ్గరగా జరిగాడు. "కరెంటు సంగతి సరే అన్నా. ఒక్కటి చెప్పు. నొప్పి పుడుతుందా?"

బావ నోరు తెరిచాడు. మెల్లగా బావమరిది వైపు తిరిగాడు.

"పుడుతుందంటావా?"

"నాకేం తెలుసు బావా? నీ స్కాను ఇంకో పది నిమిషాలకి కదా!"

టీకొట్టాయన పగలబడి నవ్వాడు. మేస్త్రీ నవ్వలేదు. తలొంచుకున్న బావని చూస్తే బావమరిదికి జాలేసింది, అన్నందుకు బాధా వేసింది.

"పోనీలే అన్నా," అన్నాడు మేస్త్రీ. "ముందు నువ్వెళ్లు. బయటికొచ్చి ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పు. అది వినే నేను వెళ్తా."

బావ లేచాడు. చొక్కా సర్దుకుని, రోడ్డు దాటి, స్కానింగ్ సెంటర్ మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు.

"ఒరేయ్, ఉన్నదున్నట్టు చెప్పాలట," అన్నాడు బావమరిది చెయ్యి గట్టిగా పట్టుకుని. "దానికేమైనా మత్తిస్తారేమో కనుక్కోరా!"