మీ తాత అడగని ముగింపు

ఏంటమ్మాయ్, వేసవి సెలవుల్లో చదువుకోడానికి సరదా నవలలు చెప్పాలా? నేనా? బాగుంది. ఇంట్లో అంత పెద్ద రచయితని పెట్టుకుని, బస్సెక్కి, ఎండన పడి నా దగ్గరికొచ్చావా? మీ తాతని అడగలేకపోయావూ? వేసవి వస్తే చాలు, ఏం చదవాలో జనానికంతా చెప్పింది ఆయనే కదా. పేపర్లో ఫొటోతో సహా వేసేవాళ్ళు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, లోకం బరువంతా ఆ చేతిమీదే ఉన్నట్టు. కూర్చో, కూర్చో. అబ్బే, ఆ కుర్చీ కాదు, దానికో కాలు ఊగుతుంది. ఇలా ఫ్యాను కిందకి రా. ముందు నీళ్ళు తాగు. చెప్పకూడదని కాదు తల్లీ, నాకేం తెలుసని? నేను తీగలు అతికి బతికినవాణ్ణి. తెలిసినావిడ పోయి ఎన్నేళ్ళయిందో. మీ తాత వాళ్ళ అక్క, అంటే మా ఆవిడ. నువ్వు పుట్టకముందే పోయింది. మీ ఇంట్లో ఆవిడ ఫొటో ఒక్కటైనా ఉందా? ఊఁ, అదే అనుకున్నా.

మేమిద్దరం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేవాళ్ళం. ఇప్పటి మీ ఫోన్ల లాంటివి కావు. రిసీవరు ఎత్తితే ముందు ఆపరేటరు పలకాలి, నంబరు అడగాలి, తీగ తీసి బోర్డులో ఆ నంబరున్న చోట గుచ్చాలి, అప్పుడు గానీ ఇద్దరికి మాట కలిసేది కాదు. పొడుగాటి గది, గోడ పొడుగునా బోర్డులు, ఎత్తు స్టూళ్ళ మీద ఆడవాళ్ళు. నేను బోర్డుల వెనకాల ఇరుకులో, నోట్లో స్క్రూలు పెట్టుకుని. మా ఆవిడ ఒళ్ళో ఎప్పుడూ ఓ నవల ఉండేది. కుడిచేత్తో తీగ, ఎడంచేత్తో పేజీ. సూపర్‌వైజరు చూసి కూడా ఏమీ అనేవాడు కాదు. ఏమంటాడు? ఆవిడ తప్పు నంబరు కలిపితే కదా అనడానికి. పైగా మా ఆవిడ ముక్కుమీద కోపం మనిషి, ఎదురు తిరిగితే ఆయనకి నీళ్ళు నమలడమే. ఎలా మొదలైందో గానీ, ఎండాకాలం వచ్చేసరికి ఫోను చేసినవాళ్ళు నంబరు చెప్పడం మానేసి, "మేడం, సెలవులకి ఏదైనా నవల చెప్పండి" అనేవాళ్ళు. ఆవిడకి గొంతు వింటే చాలు. డాక్టరుగారు అడిగితే, "మీరు పొద్దస్తమానం ఏడుపులు వినే మనిషి, మీకో దొంగ కథ చెబుతా చూడండి" అనేది. బట్టల కొట్టాయన, పాపం, భార్య ఊరెళ్ళిందని బిక్కుబిక్కుమంటూ అడిగితే, "దెయ్యం కథలు మాత్రం ముట్టుకోకండి, ఇంట్లో ఒక్కరే ఉన్నారు" అని వంటవాడి నవల ఒకటి చెప్పింది. ఆయన అది చదివి వంట నేర్చేసుకుని, భార్య వచ్చాక ఆవిడకే వంకలు పెట్టడం మొదలెట్టాడట. అదో గొడవ. ఆవిడొచ్చి మా మీద పడింది. సరే, ఎక్కడున్నాం?

ఆ, మీ తాత. అప్పుడు పేపర్లో కొత్తగా చేరాడు. ఎండాకాలం పేజీ నింపాలి. నవలంటే ఆయనకి అట్ట చూడ్డం, వెనకాల రాసింది చూడ్డం, అంతే. ఆఫీసు ఫోన్లోంచి అక్కకి చేసేవాడు. "అక్కా, ఈసారి జనం ఏం చదవాలే?" అని గారాలు పోతూ. ఈవిడ మధ్యలో ఎవరెవరికో లైన్లు కలుపుతూనే తమ్ముడికి చెప్పేది. ఎంత బాగా చెప్పేదంటే నేను వెనకాల స్క్రూ బిగించడం మర్చిపోయి నిలబడేవాణ్ణి. ముగింపు దగ్గరికి రాగానే మీ తాత, "చాలక్కా, చాలు. పాఠకులకి ముగింపు చెప్పకూడదు, నాకెందుకూ" అని పెట్టేసేవాడు. ఆదివారం చూస్తే ఆవిడ మాటలే, కామాతో సహా. కింద ఈయన పేరు, పైన ఈయన ఫొటో. మొదట్లో మురిసిపోయింది పిచ్చిది. మా తమ్ముడు, మా తమ్ముడు అని బోర్డు బోర్డుకీ తిరిగి చూపించేది. ఏళ్ళు గడిచాయి. ఒకసారి అడిగింది. ఎక్కువేం కాదమ్మా, చివర్న ఒక్క ముక్క, 'మా అక్క చెప్పింది' అని వెయ్యరా అంది. మీ తాత ఏమన్నాడో తెలుసా? నవ్వాడు. "అక్కా, టెలిఫోను ఆపరేటరు చెప్పిందంటే ఎవరు కొంటారే?" అన్నాడు. ఆవిడ తీగ పీకేసింది.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది, ఫోనూ వచ్చింది. ఈసారి ఆవిడ గొంతులో తేనె కారుతోంది. "ఒక్కటి చెబుతాన్రా, ఒక్కటి చాలు, ఇంకేం రాయక్కర్లేదు" అని మొదలెట్టింది. ఒక పెద్ద హోటలు. అందులో గదులు ఊడ్చి, దుప్పట్లు మార్చే ఒకావిడ. ఒక గదిలో వాళ్ళు మర్చిపోయిన వస్తువుని ఈవిడ ఆఫీసులో ఇవ్వదు, తీసుకెళ్ళి ఇంకో గదిలో పెడుతుంది. ముసలాయన గొడుగు పోట్లాడుకుంటున్న దంపతుల గదిలో, చిన్నపిల్ల బొమ్మ ఒంటరి సైనికుడి గదిలో. దాంతో ముక్కూమొహం తెలియని మనుషులు ఒకళ్ళనొకళ్ళు వెతుక్కుంటూ రావడం, పెళ్ళిళ్ళు, పోట్లాటలు, నవ్వలేక చావాలి. చివరికొకరోజు ఈవిడ పని ముగించి తన గదిలోకెళ్తే, మంచం మీద ఒక వస్తువు ఉంటుంది. తనది కాదు. ఎవరో పెట్టారు. అక్కడికొచ్చేసరికి మీ తాత మామూలుగానే, "చాలక్కా, ముగింపొద్దు" అన్నాడు. నేను బోర్డు వెనకనుంచి తల బయటపెట్టి, "ఏం పుస్తకమే అది, ఇంటికి తీసుకురా" అన్నాను. ఆవిడ స్టూలు మీంచి పడిపోతుందేమో అన్నంత నవ్వింది. అలాంటి పుస్తకం లేదు తల్లీ! అక్కడికక్కడ, లైన్లు కలుపుతూ, అల్లేసింది. పేరు కూడా ఏదో పెట్టింది, రాసినాయనకీ ఓ పేరు పెట్టింది.

పేపర్లో వచ్చింది. 'ఈ వేసవిలో ఒక్క నవలే చదవదలిస్తే' అని పెద్దక్షరాలు. ఇక చూడు. పుస్తకాల కొట్టతను లేదంటే పరువు పోతుందని "నిన్ననే అయిపోయాయి, వచ్చే వారం రండి" అంటాడు. రిటైరైన జడ్జిగారు ఫోను చేసి, "ఆ నవల నేను కాలేజీ రోజుల్లోనే చదివానమ్మా, ఇప్పుడలాంటివి రాసేవాళ్ళేరీ" అని నిట్టూరుస్తాడు. మా ఆవిడ నోరు మూసుకుని నవ్వాపుకోలేక చచ్చేది. ఎవడో ఒకడు, ఈ పుస్తకం లేదు, ఈయన చదవకుండా రాస్తున్నాడు అని పేపరుకి ఉత్తరం రాయకపోతాడా అని రోజూ చూసేది. ఒక్కడు రాయలేదు. చదవలేదని ఒప్పుకోడానికి ఒక్కడికి నోరు రాలేదు.

వాళ్ళ ఎడిటరు ఒక కాపీ తెమ్మన్నాట్ట. అప్పుడొచ్చాడు మీ తాత మా ఇంటికి. "అక్కా, ఆ పుస్తకం ఇవ్వు." ఈవిడ చేతులు కట్టుకుని నిలబడింది. ఈ క్షణం కోసమే కదా కాచుకుని కూర్చుంది. "లేదురా, నేనే అల్లాను" అంది. సిగ్గుపడతాడనుకుంది. కనీసం అరుస్తాడనుకుంది. అరిస్తే తనూ నాలుగు మాటలు అనొచ్చు, కడుపులోది బయట పడుతుంది. మీ తాత గ్లాసులో నీళ్ళు మొత్తం తాగాడు. తర్వాత మెల్లగా, "అయితే అది ఎవరిదీ కాదన్నమాట" అన్నాడు. "నాది" అంది మా ఆవిడ. వినపడనట్టే లేచి వెళ్ళిపోయాడు. చెవుడు లేదమ్మా ఆయనకి. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

మరుసటి వేసవికి నవల వచ్చేసింది, మీ తాత పేరుతో. ముందుమాటలో, కిందటేడు పాఠకులతో చిన్న పరిహాసం ఆడాను, రాబోయే నా నవలనే ఇంకొకరి పేరుతో పరిచయం చేశాను అని రాసుకున్నాడు. జనం ఎంత తెలివైనవాడో అన్నారు. సభలు, సన్మానాలు. మీరిప్పుడుంటున్న ఇంట్లో, ఆ గాజుతలుపుల బీరువాలో నిలబెట్టిన బహుమతి దానికి వచ్చిందే. మా ఇంటికీ ఓ కాపీ తెచ్చాడు. లోపల సంతకం చేసి, 'చదివే తీరిక లేని మా అక్కకి' అని రాశాడు. ఊఁ. చదివే తీరిక లేని. తీసుకెళ్ళి నడివీధిలో పారేస్తానన్నాను. ఆవిడ పారెయ్యనివ్వలేదు. కూర్చుని మొత్తం చదివింది. చివరి పేజీకొచ్చి మూసేసి, "ఉంగరం పెట్టాడండీ" అంది. మంచం మీద ఉన్న వస్తువు ఉంగరమట. హోటలు యజమాని కొడుకు పెట్టాట్ట, పెళ్ళి చేసుకుందామని! అసలు ముగింపు మీ తాతకి తెలీదు కదా, ఎప్పుడూ వినలేదుగా. నవలంతా బంగారం, ముగింపు మాత్రం తేలిపోయిందని ఇప్పటికీ అంటారు జనం. మీ ప్రొఫెసర్లు కూడా అంటున్నారా? అంటారు, అనాలి.

ఆ తర్వాత ఆవిడ ఎవరికీ నవల చెప్పలేదు. డాక్టరుగారు అడిగినా, బట్టల కొట్టాయన అడిగినా, "నంబరు చెప్పండి" అంతే. ఒళ్ళో పుస్తకం కూడా మానేసింది. ఖాళీగా ఉన్నప్పుడు బోర్డు కేసి చూస్తూ కూర్చునేది. నాకదే కడుపుమంట. కథ తీసుకుంటే తీసుకున్నాడు, ఆ మనిషి నోరు కూడా తీసుకుపోయాడు. తర్వాత మంచాన పడింది. మీ తాత వచ్చాడు, సంచీ నిండా పళ్ళతో. అక్క చెయ్యి పట్టుకుని ఏడ్చాడు కూడా. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, చెవి దగ్గరికి వంగి, "అక్కా, అసలు ఆ మంచం మీద ఏముందే?" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను, నా చెవులతో విన్నాను. ఆవిడ కళ్ళు తెరిచి, "ఎవరండీ మాట్లాడేది? నంబరు చెప్పండి" అంది. అయ్యో, మతి పోయింది అని తల పట్టుకుని వెళ్ళిపోయాడు. తలుపు మూసుకోగానే ఆవిడ నాకు కన్ను గీటింది. అప్పుడే చెప్పింది నాకు. ఆ మధ్యాహ్నమే. మొదట్నుంచీ చివరిదాకా, మళ్ళీ పాత గొంతుతో.

ఏంటీ? నీకు చెప్పాలా? ఏముందో మంచం మీద? సరదా నవలలు అడగడానికి కదూ వచ్చావు. కొత్త ముద్రణ వేస్తున్నారని పేపర్లో చూశాలే, రచయిత మార్పులతో అని. ఆ మార్పు కోసమే కదా? నీ తప్పు కాదులే తల్లీ, పెద్దాయన పంపితే ఏం చేస్తావ్. కానీ ఆ ఫోను ఎందుకలా బోర్లా పెట్టావు? వచ్చినప్పట్నుంచీ చూస్తున్నా, ఒక్కసారి తియ్యలేదు. బతుకంతా ఎక్స్ఛేంజిలో గడిపినవాణ్ణి, లైను తెరిచి ఉంటే నాకు తెలీదా? ఇలా తే. ఏమోయ్ బావమరిదీ, వింటున్నావా? దగ్గు ఆపుకోకు, దగ్గు. ఆ మంచం మీదున్నదేంటో నాకు తెలుసు. చెబుతున్నా విను, అది ఉంగరం మాత్రం కాదు.

ఇదుగోమ్మా, పెట్టేశాను. ఎండ తగ్గినట్టుంది, నీ బస్సు ఎన్నింటికి?