సెల్ఫు అంటే సెల్లులు తెచ్చిన్రు

"బాపమ్మా, సిద్దిపేటకెళ్లి మెకానిక్ వస్తుండట, ఇంక గంట పడ్తది. అందాక జర కూసోరాదు. అవ్ గని, తాత నడిపిన ట్రాక్టరుకు సెల్ఫ్ పోతే గప్పుడు ఎవలు బాగు చేసిన్రు?"

కూసోమంటవు, కూసుంటే నా కాళ్లు ఊకుంటయా? పొద్దటి సంది కాలు గాలిన పిల్లి లెక్క తిరుగుతనే ఉన్న. నువ్వు తాళం తిప్పుతవు, అది టక్కుమంటది, ఇగ నడువది. గా సప్పుడంటే నాకు భయం బిడ్డా. ఎనభై దాటినయి, ఇంక ఆ భయం పోలే.

ఎవలు బాగు చేసిన్రు అంటవా? నేనే చేసిన. నవ్వకు! పండ్లు రాలగొడ్త. మీ తాత చెప్పిండు, నేను చేసిన. కాదు కాదు, ఉన్నది చెప్పాలె. సగం ఆయన, సగం నేను, మిగిలింది దొర చెవిటితనం. ఆఁ, గదే అసలు ముచ్చట.

నిజాం సర్కారు ఉన్నప్పటి మాట. నాకు పద్దెనిమిదేండ్లుంటయేమో, పెండ్లయి ఏడాది గాలే. మా నాయిన సిద్దిపేట బజార్ల అవుసులాయన, బంగారం పని. మీ తాతది కమ్మరిల్లు. గని ఆయన కొలిమికాడ కూసోకుంట పట్నం పక్క లష్కర్ పోయి లారీల మీద పని నేర్చుకోని వచ్చిండు. మేముండేది నారాయణరావుపేట అవుతల, ఒక దొర ఊర్ల. దొర అంటే తెలుసు గద, చెలకలన్ని ఆయనయే, మేముండే ఇల్లు సుత ఆయనదే. ఆయన పట్నంకెళ్లి ఒక పాత ట్రాక్టరు తెచ్చి మీ తాతను డైవరు పెట్టుకున్నడు.

ఇప్పటి లెక్క రబ్బరు టైర్లు గావు, ఇనుప గిల్కలు, వాటికి ఇంతింత పండ్లు. గాసునూనె మీద నడుస్తుండె. గప్పుడు సీసెడు గాసునూనె అణాకో, బేడకో... ఏమో, యాదికి లేదు. మా అత్త దీపంల పోసేటందుకు సుక్క సుక్క లెక్కవెట్టేది, గీ ట్రాక్టరేమో డబ్బాలకు డబ్బాలు తాగేది. మా అత్త దాన్ని చూసి తిట్టని దినం లేదు. యాడున్న? ఆఁ. ఇబ్రహీంపూర్ దిక్కుకెళ్లి సద్దులు గట్టుకోని వచ్చి చూసి పోయేటోళ్లు జనం.

ఆ యేడు మిర్గం కార్తె వాన మంచిగ పడ్డది. భూమి పదునెక్కింది. పదును ముచ్చట నీకు చెప్పాల్నా, రెండొద్దులు దాటితె నేల బిర్రుగైతది, ఇగ ఇత్తనం ఏసుడు లేదు. దొర ఊకుంటడా, దున్ను దున్ను అని లొల్లి. పొద్దటి సంది దున్నుతుంటె చెలక నడుమ బందైంది బండి. సెల్ఫు కొడితె టక్కు. మల్ల కొడితె టక్కు. దీపాలు మంచిగనే ఎలుగుతున్నయి, బ్యాటరీ బాగున్నది, ఇంజన్ను తిప్పే సెల్ఫే తిరుగుత లేదు. నూకుదామంటె ఇనుప గిల్కలు, మూరెడు దిగవడ్డయి. ఎడ్లను కడితె అవి దాని అవతారం చూసి బెదిరి తాళ్లు తెంపుకున్నయి.

ఇగ హ్యాండిలే దిక్కు. ముందట పెట్టి తిప్పేది. దానికొక పద్ధతున్నది, ఇను. బొటనేలు చుట్టు మలపొద్దు, మిగిలిన ఏళ్ల పక్కకే పెట్టాలె. ఎందుకంటె ఇంజను ఒక్కొక్కపారి ఎదురు తంతది. బొటనేలు ఇడిసి ఉంటె హ్యాండిలు జారిపోతది, మలిపి ఉంటె చెయ్యినే తీస్కపోతది. మీ తాతకు లష్కర్ల ఉస్తాదు నెత్తి మీద మొట్టి మొట్టి నేర్పిండు గా ముచ్చట. మరి ఎందుకు తప్పిండు?

నా నోటి వల్ల తప్పిండు. దాపుడెందుకు ఇప్పుడు. మధ్యాహ్నం గట్క తీస్కపోయిన. ఆయన వంగి హ్యాండిలు పట్టుకున్నడు. జర ఆగితె నా సొమ్మేం పోతుండె? గట్టు మీదికెళ్లే ఒర్రిన, "ఇగో, సల్లారిపోతుంది, రారాదూ!" అని. ఆయన ఇటు చూసిండు. చెయ్యి ఆడ తిరిగింది. టప్పుమని ఎండు కట్టె ఇరిగిన సప్పుడు. కుడి మణికట్టు.

ఎముకలు కట్టెటాయన వచ్చి కోడిగుడ్డు సొన రాసి, వెదురు బద్దలు పెట్టి కట్టిండు. నేను ఏడుస్తనే ఉన్న. గప్పుడే దొర వచ్చిండు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటె చుట్టకు నిప్పడిగినట్టు, "ఎప్పుడు నడుస్తదిర బండి?" అన్నడు. మీ తాత పండ్లు బిగవట్టి, "దొరా, సెల్ఫు పోయింది, సెల్ఫు కావాలె" అన్నడు. "గంతేనా? సిద్దిపేటకు మనిషిని తోల్త. రేపు పొద్దుగాల బండి నడువకుంటె ఇల్లు ఇడిసి పోండ్రి, పట్నంకెళ్లి ఇంకో డైవర్ను తెచ్చుకుంట" అని పోయిండు.

మీ తాత ఊకోలే. ఆయన చెప్పవట్టె, నేను పానా పట్టుకోని బోల్టులిప్పి సెల్ఫు తీసిన. మూత తీస్తె లోపట రెండు నల్ల బిళ్లలు, అరిగి అరిగి పెసరు గింజలంత అయినయి. "గవి బొగ్గులు. వాట్లకెళ్లే కరెంటు పోవాలె. పట్నంల తప్ప దొరకయి" అన్నడు.

పొద్దు వాలుతుండంగ సిద్దిపేట పోయిన మనిషి సైకిల్ మీద మొస మర్రకుంట, రొప్పుకుంట వచ్చిండు. దస్తి ఇప్పిండు. ఏమున్నయనుకున్నవు? నాలుగు టార్చిలైటు సెల్లులు! "సెల్లు పోయింది, సెల్లులు తెమ్మని దొర తోలిండు" అన్నడు. దొర చేతిల ఎప్పుడు టార్చి ఉంటుండె, ఆయనకు ఎరుకైంది గదొక్కటే. సెల్ఫు, సెల్లు, ఆయన చెవులకు రెండు ఒక్కటే.

మీ తాత నవ్విండు. నవ్వి, సల్లగ అన్నడు: "పోనీ తియ్యి. ఎడమ చెయ్యి ఉన్నది గద. రేపు దానితోని తిప్పుత."

ఒక చెయ్యి నా నోటి వల్ల పాయె. గీ చెయ్యి సుత పోతె? భూమి లేదు, జాగ లేదు, మాకున్నయి ఆయన చేతులే. ఆ సెల్లులను చూస్తె నాకు ఒళ్లు మండింది. ఒకటి తీసి బండకేసి కొట్టిన. పలిగింది. లోపటికెళ్లి నల్లటి పుల్ల ఒకటి బయటవడ్డది, చిటికెనేలంత. గోరుతోని గీకిన. ఏళ్లకు నలుపంటింది. "ఇగో, గిది బొగ్గే గద?" అన్న. ఆయన పుల్లను ఎడమ చేతిలకు తీస్కున్నడు. చూసిండు, చూసిండు. "మిగిలినయి గూడ పలగ్గొట్టు" అన్నడు.

నా పెట్టెల ఆకురాయి ఉంటుండె. పెండ్లప్పుడు మా నాయినను అడుక్కోని తెచ్చుకున్నది. చీరెలు అడుగుతరు గని ఆకురాయి అడిగే పిల్లను యాడ చూడలే అన్నడు మా నాయిన. నాకు చేతులు ఊకుండయి గద, పచ్చీసు ఆటకు చింతగింజలు రాస్తుండె దానితోని. ఇగ పొద్దు గుంకెదాక ఆ పుల్లలు రాసిన. రెండు పుల్లలు చదునుజేసి జోడిస్తె ఒక బిళ్ల. దబ్బునంతోని బొక్క పొడిచి పాత రాగి తీగె గుచ్చిన. ఆగమాగం చేస్తి, ఒకటి పుటుక్కున ఇరిగింది! ఇంకో సెల్లు లేదు. ఆ బిళ్ల పొట్టిగైంది. నడుమ బొక్క ఉండే రాగి పైస ఉంటుండె గప్పుడు, దాన్నే అంచులు రాసి ఎనుక ఎత్తు పెట్టిన.

తెల్లారి ఊరంత చెలకల్నే ఉన్నది. దొర సుత. సెల్ఫు మల్ల బిగిచ్చి, ఇంజను జల్ది అందుకోవాలని ఉడుకు నీళ్లు పోసినం. సెల్ఫు గుండీ నేను నొక్కాలె. మీ తాత ముందట నిలవడి హ్యాండిలు పెట్టిండు, ఎడమ చెయ్యి దాని మీద. "నువ్వు నొక్కు, కాకుంటె నేనున్న" అంటడు. "చెయ్యి తీసెదాక నేను నొక్క" అన్న. దొర ఒర్రుతుండు. నొక్కకపోతి. ఊరి ముందట మొగనికి ఎదురు మాట్లాడిన మొదటిపారి గదే. మీ తాత హ్యాండిలు గుంజి అవుతల పారేసిండు.

నొక్కిన. ఊఁ... అని మూలిగింది, ఆగింది. మల్ల నొక్కిన. మూలుగుతనే మెల్లగ తిరిగింది, తిరిగింది, పట్టుకున్నది! నల్ల పొగ.

ఇగ బందు చేస్తె మల్ల లేస్తదో లేదో! పొద్దు గుంకెదాక బందు పెట్టొద్దన్నడు మీ తాత. మరి బువ్వ? ఎడమ చెయ్యి చక్రం మీద, కుడి చెయ్యికి కట్టు. ఎడమ చేత్తోని తింటరా ఎవలన్న? గిన్నె పట్టుకోని గిల్కల పక్కకు నడుసుకుంట, ముద్ద జేసి నేనే అందిచ్చిన. జనమంత చూస్తున్నరు, నాకు సిగ్గుతోని తల తీసేసినట్టయింది. ఆయన వంగి ముద్ద అందుకోని, నవ్వుకుంట అన్నడు గద, "నిన్న సల్లారుతదని ఒర్రితివి. ఇయ్యాల జల్ది పెట్టు మరి."

గంతే. మల్ల ఎన్నడు ఒక్క మాట అనలే బతికినన్నొద్దులు. నేనే మర్వలే.

అప్పటి సంది మిషిను మీద చెయ్యి పెట్టిన మనిషిని నేను పిలువ. పొద్దటి సంది నీ ఎనుక గిన్నె పట్టుకోని తిరుగుతున్న, పిలిచిన్నా? బువ్వ సల్లారితె సల్లారనియ్యి, నీ రెండు చేతులు సల్లగుండ... గదో, బండి సప్పుడు, మెకానికే గావచ్చు. పో. మెల్లగ పో బిడ్డా.