ప్లేటు మీద పేరు

నాచారంలో స్టీలు సామాన్ల దుకాణం ముందు అతను స్కూటరైతే ఆపాడు గానీ, పెళ్లాం తొందరపెడుతున్నా దిగబుద్ధి కాలేదు.

“కాలనీల దావత్‌లకని ఇంటింటికి తిరిగి పాత ప్లేట్లు జమజేసినం గదనే. మల్ల కొత్తయెందుకు?”

“మొన్న బారసాల కాడ సూడలేదా? ఎవ్వరి ప్లేటు సూసినా పక్కింటి గౌతమి పేరే కొట్టిచ్చి ఉన్నది. నాయన్నీ అడుగున వడ్డయి.”

“పేర్లు సదువుకుంట తింటరా ఎవరన్న?”

“నేను సదివిన. బువ్వ సయించలే.”

“ఆమె ఎక్కువిచ్చింది, గవే పైకొచ్చినయి.”

“అందుకే కొంటున్న. నా పేరు పెద్దక్షరాలల్ల కొట్టియ్యి.”

“ఉన్నయే అందరం వాడుకుందాం, కొత్తయి కొనొద్దు అనే గద ఇది మొదలువెట్టింది! నువ్వే కొంటే నవ్వరా?”

ఆమె కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి.

“గా మాట అందరికంటె ముందు జెప్పింది నేను. ఇప్పుడు గది గూడ గౌతమే జెప్పిందంటున్రు.”

అతను స్కూటరు స్టాండు వేసి దుకాణం మెట్లెక్కాడు. వెనక నుంచి ఆమె కేకేసింది.

“జర ఆగు! నా పేరు కింద ‘కొత్తయి కొనొద్దు’ అని గూడ కొట్టియ్యమను!”