కొట్టివేసిన ముప్పై నాలుగు

కూర్చోమని మర్యాదలు చేయకండి డాక్టర్ అపాసా గారూ, ముందు ఆ కాగితం కింద పెట్టండి. మా చెల్లెలు సతుర్నీనాది జబ్బు గొంతని ఏ ధైర్యంతో రాశారు? సోమవారంనాడు గొంతులోని థైరాయిడ్ గ్రంథిని మాడ్చే మందు తాగిస్తారట!

ఏమిటీ, అంకెలు చెబుతున్నాయా? సరే, అంకెల దగ్గరికే వద్దాం. ముప్పై ఏళ్ళు ఈ పూనో కొండల్లో పిల్లలకు లెక్కలూ వ్యాకరణమూ చెప్పినదాన్ని, నాకు అంకెలంటే భయం లేదు.

మీరు మా ఊరొచ్చి ఏమన్నారు? "టీచరమ్మా, ఇంత ఎత్తున బతికే ఆరోగ్యవంతుల గొంతు అయోడిన్‌ను ఎంత పట్టుకుంటుందో కొలవాలి, ఇరవై ముగ్గురిని పంపండి" అన్నారు. పంపానా, లేదా? పాపం, మీ అయోడిన్ మాత్ర మింగి, మర్నాడు మీ యంత్రం ముందు మెడ చాచి కూర్చున్నారు. వాళ్ళ గొంతులు పట్టుకున్నది నూటికి ఆరు, ఏడు, ఎనిమిది పాళ్ళు. ఇక్కడివాళ్ళకు అదే మామూలని తేల్చారు. దాని పక్కన నా చెల్లెలి ముప్పై ఆరు పెట్టి, జబ్బన్నారు.

దానికి గుండెదడా? ఉంది. మంచు తుపానులో, ఉన్ని కోసం పెంచుకున్న నలభై అల్పాకాలు పోయినదానికి దడ కాక మరేముంటుంది?

అలా చూడకండి, చెబుతున్నాను.

నెల రోజులు సముద్రపు తిండి ముట్టవద్దని మీరు కాగితం పంచారు. చదివాను. రెండు తప్పులు ఎర్ర సిరాతో దిద్దాను కూడా. కానీ వాళ్ళంతా నా శిష్యులండీ! పరీక్షకు సిద్ధం చేయకుండా ఎలా పంపను? పట్నం డాక్టరు చూసి, మాది గొంతువాపుల ఊరని రాసుకుపోతే?

అందుకని కొచాయుయో తెప్పించాను. అవును, తీరం నుంచి లారీల్లో వచ్చే, అయోడిన్ దండిగా ఉండే ఆ సముద్రపు నాచే. బంగాళాదుంపలు వేసి పులుసు కాచి, పదిహేను రోజులు పూటకో గిన్నె పోశాను.

"టీచరమ్మా, కాగితంలో వద్దని ఉందిగా" అన్నాడు ఎలెయుతేరియో.

"నాలుగో తరగతిలో ఏ కాగితం చదివావు నాయనా, ఇప్పుడిది చదవడానికి?" అన్నాను. తలవంచుకొని తాగాడు.

కడుపు నిండినవాడికి మళ్ళీ వడ్డిస్తే తింటాడా? అయోడిన్ నిండిన గొంతులు మీ మాత్రను ఎందుకు పట్టుకుంటాయి? రాసుకోండి. ఆ ఇరవై రెండూ మామూలు గొంతులు కావు, నా పులుసు తాగిన గొంతులు.

ఇరవై మూడోదా?

పట్టిక అడుగున ముప్పై నాలుగు చూసి, 'యంత్రం పొరపాటు' అని కొట్టేశారే, అది నాది. ఆ నాచు వాసన నాకు పడదు. వండానే గాని, చుక్క ముట్టలేదు.

మీ పట్టిక మొత్తంలో నిజం చెప్పిన మెడ అదొక్కటే. నా మెడా, సతుర్నీనా మెడా ఒక్క తల్లి ఇచ్చినవి. ఆ మందు సీసా లోపల పెట్టించండి.

ఇదిగో, ఎర్ర సిరా తెచ్చాను. నేను చేసిన పనికి ముందు నా పేరు పక్కన సున్నా మార్కులు వేయండి. తరువాత ఆ ముప్పై నాలుగును మళ్ళీ రాయండి.