కంప్యూటరుపై నీళ్లు చల్లిన సంగతి

నా పేరు గడ్డం భూదవ్వ. నా భర్త లస్మయ్య కాలం చేశాడు. నాకు అరవై ఆరేండ్లు ఉంటాయని నా కొడుకు అంటాడు. వ్యవసాయం చేస్తాను. రెండో తరగతిలోనే బడి మానేశాను. ఎల్లారెడ్డికి దగ్గరి పల్లెలో కొడుకు లింబాద్రి, కోడలు సుష్మితతో ఉంటాను. దవాఖానలో కంప్యూటరు పాడు చేశానని అక్కడి మేనేజరు ఫిర్యాదు ఇచ్చినందువల్ల 2013 ఆగస్టు 17న ఎల్లారెడ్డి ఠాణాలో ఎస్సై గారి ముందు ఈ మాటలు చెబుతున్నాను. ఇంటి దగ్గర బర్రెకు నీళ్లు పెట్టానో లేదో గుర్తు లేదు. అందుకని తొందరగా చెబుతాను.

నా కోడలి తల్లి పేరు బండి మంగవ్వ. వాళ్లది కామారెడ్డి దగ్గరి రాజంపేట. ఆమె అంటే నాకు పడదు. ఆమె నాకు చేసిన చెడుపు ఏమీ లేదు. సుష్మిత పొద్దున లేవగానే ఆమెతోనే ఫోన్లో మాట్లాడుతుంది. నేను చేసిన సర్వపిండి తింటూ, "మా అమ్మయితే నువ్వులు ఇంకిన్ని ఏస్తది అత్తమ్మా" అంటుంది. మరుసటిసారి నువ్వులు ఎక్కువ వేశాను. అప్పుడూ అదే మాట అన్నది.

మొదటి కాన్పు ఆచారం ప్రకారం రాజంపేటలో అయింది. మనవరాలు ఇక్కడికి వచ్చాక చాలా రోజులు నా ఒళ్లోకి రాలేదు, అమ్మమ్మ కావాలని ఏడ్చింది. అందుకే రెండో కాన్పు మా దగ్గరే కావాలని పట్టుబట్టాను. ఈ నెల 14న పొద్దున నొప్పులు మొదలయ్యాయి. సుష్మితను ఎల్లారెడ్డి దవాఖానకు తీసుకుపోయాం. మంగవ్వకు చెప్పలేదు. చెప్పొద్దని కొడుకుకు కూడా చెప్పాను. సుష్మిత ఫోన్ నా కొంగులో ముడేసుకున్నాను. అది రెండుసార్లు మోగింది. మంగవ్వే చేసి ఉంటుంది. నేను ఎత్తలేదు.

మధ్యాహ్నానికి మగపిల్లవాడు పుట్టాడు. పిల్లవాడు బాగానే ఉన్నాడు. సుష్మితకు మాత్రం రక్తం ఆగలేదు. ఆమెది ఏబీ నెగటివ్, ఎక్కడంటే అక్కడ దొరికేది కాదని డాక్టరమ్మ అన్నది. లింబాద్రి రక్తం వెతకడానికి మోటారుసైకిలు మీద కామారెడ్డి పోయాడు. వాన పడుతోంది. తోవలో పడతాడేమోనని నాకు ఒకటే దిగులు.

అక్కడ కంప్యూటరు నడిపే పురుషోత్తం నన్ను తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"రంది వెట్టుకోకు అవ్వా. రక్తమిచ్చెటోళ్ల పేర్లు అడుగుతున్న. మన దవాఖాన పేర్లు, బాన్సువాడవి, కామారెడ్డివి, మూడు దిక్కుల ఒక్కసారే అడుగుతది ఇది."

"గన్ని పేర్లు ఈ డబ్బాల పట్టినయా బిడ్డా?"

"డబ్బాల ఏం లేవు. ఎక్కడి పేర్లు అక్కడనే ఉంటయి. ఇది పోయి అడిగొస్తది, గంతే. మన దగ్గర ఏం దాసుకోదు."

కొంచెంసేపటికి, "వచ్చింది! ఒక్కటే పేరు. బండి మంగవ్వ, రాజంపేట. కామారెడ్డిల శిబిరం పెట్టినప్పుడు రక్తమిచ్చిందట. ఎరుకేనా అవ్వా?" అన్నాడు.

ఎరుక లేదన్నాను.

ఆమె ఎన్నడు ఇచ్చిందో మాకెవరికీ తెలియదు. సుష్మితకు కూడా తెలియదు. తెలిస్తే నాకు చెప్పకుండా ఉండేది కాదు. నువ్వులు అయినాయి, మనవరాలు అయింది, చివరికి రక్తం కూడా ఆమెదేనా అని నా కడుపు మండింది. ఆ పేరు తీసేసి ఇంకో పేరు చూడమన్నాను. అతను నవ్వి, "నేను తీస్తే పోదు అవ్వా" అని డాక్టరమ్మకు చెప్పడానికి లోపలికి పోయాడు. అప్పుడు రెండున్నర అయి ఉంటుంది.

మా ఊరి మైసమ్మను ఏదైనా అడగాలంటే అమ్మవారి రెండు భుజాల మీద పూలు అంటిస్తాం. కుడి పువ్వు పడితే మంచిది. ఎడమ పువ్వు పడితే పూలు తీసేసి, నీళ్లు చల్లి, మళ్లీ పెట్టి అడుగుతాం. రెండోసారి మాట మారుతుంది. చాలాసార్లు మారింది. డబ్బాలో ఏమీ లేదని అతనే అన్నాడు కదా, దానికేం నష్టమని తీగ పీకాను. నా సీసాలోని నీళ్లు దాని మీద చల్లాను. మళ్లీ తీగ పెట్టాను. చిటపటమన్నది. కాలిన వాసన వచ్చింది.

పురుషోత్తం ఉరికి వచ్చాడు. "ఏం జేసినవే అవ్వా! నంబరు గూడ రాసుకోలే నేను!"

"మల్ల అడుగుదామని..."

"ఎవల్ని? దేవున్నా?"

అతను మందుల గదిలోని ఇంకో కంప్యూటరు దగ్గరికి ఉరికాడు. నేను వెనకే పోయాను. దాన్ని నేను ముట్టుకోలేదు. దాని మీద నీళ్లు చల్లలేదు. అందులోనూ మంగవ్వ పేరే వచ్చింది.

"గా డబ్బా కాలిపాయె గదా బిడ్డా, దీంట్లకెట్ల వచ్చింది?"

"వెయ్యి డబ్బాలు కాలవెట్టు అవ్వా. పేరు కామారెడ్డిల ఉన్నది. ఎక్కడికెల్లి అడిగినా గదే చెప్తది."

లోపల సుష్మిత "అమ్మా" అని మూలిగింది. పిలిచింది నన్ను కాదు. అయినా కొంగు ముడి విప్పాను. "నా వియ్యపురాలే. దీంట్లకెల్లి చెయ్యి" అని సుష్మిత ఫోన్ అతని చేతిలో పెట్టాను.

లింబాద్రికి కామారెడ్డిలో ఆ రక్తం దొరకలేదు. మంగవ్వ అక్కడికి పోయి రక్తం ఇచ్చింది. ఆ రక్తాన్ని ఐసు డబ్బాలో పెట్టించుకుని, జీపులో తనే పట్టుకుని వచ్చింది. సుష్మిత బతికింది. మంగవ్వ నా పక్కన బల్ల మీద కూర్చున్నది. మోచేతి మడతలో దూది అంటించి ఉంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను.

"రెండో కాన్పు మా ఇంటిదే అంటివి గదా వదినా. రక్తం మా ఇంటిది పనికొచ్చిందా?" అన్నది.

నేను బత్తాయి ఒలిచి ఆమె చేతిలో పెట్టాను. సగం తిని సగం నాకిచ్చింది.

నా రక్తం కూడా తీసుకోమని తర్వాత నర్సును అడిగాను. వయసు దాటిందన్నది. రక్తం తీసుకోకపోతే మానె, పేరైనా ఎక్కించమన్నాను. ఇయ్యనోళ్ల పేర్లు ఎక్కించరన్నది.

మంగవ్వకు తెలియకుండా కాన్పు చేయాలనుకున్నది నిజం. కోడలు చావాలని మాత్రం నేను ఏనాడూ అనుకోలేదు. పేరు తెలిసినా ఎరుక లేదన్నానని నా కొడుకుకు ఇంకా తెలియదు. ఈ కాగితం చూస్తే తెలుస్తుంది. మంగవ్వ పేరు కామారెడ్డిలో ఉన్నది, ఎక్కడి నుంచి అడిగినా వస్తుంది. నా పేరు మొదటిసారి ఈ ఠాణాలో ఎక్కుతోంది. రేపు ఎవరైనా గడ్డం భూదవ్వ ఎవరని అడిగితే ఇదొక్కటే వస్తుందా సారూ? అది కూడా రాసుకోండి.

రాసిందంతా కానిస్టేబులు నాకు చదివి వినిపించాడు. నేను చెప్పినట్లే ఉన్నది. ఎవరూ బెదిరించి చెప్పించలేదు. నిజమని ఒప్పుకొని వేలిముద్ర వేస్తున్నాను.

గడ్డం భూదవ్వ, ఎడమ బొటనవేలి ముద్ర